తలెత్తి చూసే పరీక్ష

ఒక మనిషి మన ముందు నుంచి నడిచి వెళ్లిపోతాడు. అతను ఎలా ఉన్నాడో చెప్పాలి. అంతే పరీక్ష. చిన్నపిల్లలు ఆడుకునే ఆటలా ఉంది కదా? నేను అందులో తప్పాను. ఇంటర్ దాకా ఏ పరీక్షా తప్పనిదాన్ని, నలభైకి దగ్గరపడ్డాక దుబాయ్‌లో సెక్యూరిటీ గార్డు లైసెన్సు పరీక్షలో, అదీ అందరూ తేలిగ్గా దాటేసే చోట తప్పాను.

ఆ పరీక్ష నాకెందుకు కావాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. నాకు వంటింట్లోంచి బయటపడాలని ఉండేది. వేరే కోరికలేమీ లేవు. మా గోదావరి జిల్లాల నుంచి వచ్చే చాలామంది ఆడవాళ్లలాగే నేనూ ఇంటిపని వీసా మీద వచ్చాను. దుబాయ్‌కి దగ్గర్లోనే ఉన్న అజ్మాన్‌లో ఒక ఇంట్లో ఏళ్ల తరబడి వండాను. 2020లో కరోనా వచ్చి అందరూ ఇంట్లోనే కూర్చున్నప్పుడు ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలిసొచ్చింది. ఒకరు తిని లేస్తే ఇంకొకరు కూర్చునేవారు. పొయ్యి ఆరేది కాదు. శానిటైజరుకీ గిన్నెల సబ్బుకీ అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా ఊడొచ్చేది. ఆ వేసవిలో ఒకరోజు సింకు ముందు నిలబడి ఏడ్చాను. ఎవరూ ఒక మాట అనలేదు, తిట్టలేదు. ఊరికే ఏడుపొచ్చింది. చచ్చేలోగా ఒక్క ఉద్యోగమైనా పొయ్యికి దూరంగా చెయ్యాలని ఆరోజే అనుకున్నాను.

ఊరికి వెళ్లిపోవచ్చు కదా అంటారు. ఊళ్లో నాకంటూ ఉన్నది మా తమ్ముడి ఇల్లు. ఆ ఇంట్లో నాకోసం ఖాళీగా ఉన్న చోటు కూడా వంటిల్లే. నన్ను పెళ్లి చేసుకున్నవాడు ఎప్పుడో తన దారి తాను చూసుకున్నాడు. అతని గురించి చెప్పేటంత విషయం లేదు.

కరోనా తగ్గుముఖం పట్టాక మాల్స్‌లో, ఆసుపత్రుల్లో ఆడ గార్డుల కోసం కంపెనీలు వెతకడం మొదలుపెట్టాయి. వారానికోసారి ప్రార్థనకి వెళ్లేచోట ఒకావిడ ఈ మాట నా చెవిన వేసింది. వెళ్లాను. నా ఎత్తు చూశారు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడించారు, సరే అన్నారు. అజ్మాన్ మేడమ్ మంచి మనిషే. మొహం మాడ్చుకున్నా కాగితాల మీద సంతకం పెట్టి వదిలింది. "పరీక్ష తప్పితే నా దగ్గరికే వచ్చెయ్. నీ గది ఎవరికీ ఇవ్వను" అంది. ప్రేమగానే అంది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ గది వంటింటిని ఆనుకునే ఉండేది. తలుపు వేసుకున్నా ఉల్లిపాయ వాసన లోపలికి వచ్చేది.

అలా దుబాయ్ శివార్లలో, అల్ వర్సాన్‌లో ఉన్న కంపెనీ క్యాంపులోకి వచ్చి పడ్డాను. చుట్టూ గోడౌన్లు, లారీలు. గదిలో నేపాల్ వాళ్లు, కెన్యా వాళ్లు, తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. ప్రభుత్వ లైసెన్సు కార్డు చేతికొస్తేనే గార్డు ఉద్యోగం. కంపెనీ రెండు అవకాశాలు ఇస్తుంది. రెండోసారి కూడా తప్పితే ఖలాస్, వచ్చిన దారినే వెనక్కి. నేను వచ్చిన దారి ఏదో మీకు తెలుసు.

మాకు శిక్షణ ఇచ్చే ఆవిడ ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. పొట్టి మనిషి, జుట్టు బిగించి ముడేసుకునేది, గొంతు మాత్రం గది చివర గోడకి తగిలేది. ఆవిడ వాళ్ల దేశంలో నేరశాస్త్రం, అదే క్రిమినాలజీ, డిగ్రీ చదివిందట. మన దగ్గర డాక్టర్లకి ఉన్నట్టు అక్కడ ఆ చదువుకి కూడా ప్రభుత్వ లైసెన్సు పరీక్ష ఉంటుందట. రోజుల తరబడి రాయాలట: వేలిముద్రలు, చట్టాలు, జైళ్లు, నేరస్థుల మనసులు. ఆవిడ మొదటిసారికే పాసైంది. పోలీసుల నేర పరిశోధన విభాగంలో చేరాలనుకుంది. అక్కడ ఉద్యోగం రాక, వచ్చేదాకా అని ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"ఇక్కడ ఆ లైసెన్సు పనికిరాదా మేడమ్?" అని అడిగాను.

"ఇక్కడికొచ్చాక మీరు రాసే ఈ పరీక్షే నేనూ రాశాను" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. అంత చదివిన మనిషి మాకు కాళ్లు ఎంత దూరం పెట్టి నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పుతోంది.

అయినా ఆవిడ చదువు అప్పుడప్పుడు బయటికి తన్నుకొచ్చేది. ఒకరోజు బోర్డు మీద త్రిభుజం గీసింది. నేరం జరగాలంటే మూడు ఒకచోట కుదరాలంది: చెయ్యాలనుకునేవాడు ఉండాలి, చేతికందేట్టు ఏదో ఒకటి ఉండాలి, కనిపెట్టి చూసేవాళ్లు లేకుండా ఉండాలి. "ఆ చూసేవాళ్లు మీరే. మీరు తలెత్తుకుని నిలబడితే చాలు, చాలా నేరాలు మొదలవకుండానే ఆగిపోతాయి" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. నాకు చెయ్యెత్తి అడగాలనిపించింది, మేము పనిచేసే ఇళ్లల్లో జరిగేవన్నీ అందరూ చూస్తుండగానే జరుగుతాయి, వాటికేం బొమ్మ గీస్తారని. నాకసలే నోటి దూకుడెక్కువ. ఆరోజు పళ్లు బిగించుకుని కూర్చున్నాను. పరీక్షలో ఆ ప్రశ్న రాదు కదా.

రాత పరీక్ష కంప్యూటరు మీద. ప్రశ్న కింద నాలుగు జవాబులు ఉంటాయి, సరైనదాని మీద నొక్కాలి. దొంగ కనిపిస్తే ఏం చేస్తావు? తరిమి పట్టుకుంటావా, కొడతావా, దాక్కుంటావా, చూసి రిపోర్టు చేస్తావా? ఏ ప్రశ్నకైనా తిరిగి తిరిగి అదే జవాబు. చూడు, రిపోర్టు చెయ్యి. ముట్టుకోకు, కదిలించకు, చూసింది చూసినట్టు చెప్పు. మంటలార్పే సిలిండరు రంగులు, ప్రథమ చికిత్స తప్ప కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. దాన్ని అవలీలగా దాటాను.

తరవాత ఒక గదిలోకి పిలిచారు. బల్ల వెనక పరీక్షాధికారి కూర్చున్నాడు. నన్ను కుర్చీలో కూర్చోమని పేపరు చూస్తున్నాడు. ఇంతలో పక్క తలుపు తెరుచుకుని ఎవరో మగమనిషి లోపలికి వచ్చాడు, నా పక్కగా నడిచాడు, రెండో తలుపు లోంచి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు వెళ్లినవాడు ఎలా ఉన్నాడో చెప్పు" అన్నాడు అధికారి.

"గోధుమరంగు తోలు చెప్పులు. బొటనవేలికి పట్టీ ఉంది. ఎడమ మడమ పగిలి ఉంది. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తున్నాడు" అన్నాను గడగడా.

అధికారి కలం పట్టుకుని ఎదురుచూశాడు. "పైన?"

"పైన తెలీదు సార్."

"గడ్డం ఉందా?"

తెలీదని తల ఊపాను.

"మాస్కు ఏ రంగు?" అప్పట్లో అందరం మాస్కులు పెట్టుకునేవాళ్లం. అదీ నాకు తెలీదు.

"పోనీ చేతిలో ఏం పట్టుకెళ్లాడు?"

"ఏమీ లేదనుకుంటాను సార్."

"నీ బ్యాగు పట్టుకెళ్లాడు" అన్నాడు ఆయన. కుర్చీ పక్కన చూసుకుంటే నిజంగానే బ్యాగు లేదు. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. నాకు మాత్రం అక్కడికక్కడ భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

నేను గుడ్డిదాన్నేమీ కాదు. అజ్మాన్ ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజున, నాకంటే ముందు నుంచి అక్కడ పనిచేస్తున్న మా పక్కూరి ఆవిడ నన్ను గోడవారకి లాగి నేర్పిన మొదటి పాఠం ఇదీ: "ఇదిగో అమ్మాయ్, బాబా అంటే ఈ ఇంటాయన. ఆయన హాల్లోకొచ్చాడంటే గోడకానుకుని తల దించేసుకో. నీ చూపు ఆయన చెప్పులు దాటి పైకెల్లకూడదు. చూశావనుకో, మేడమ్‌కి అనుమానం, బాబాకి అలుసు. రెండూ నీ మెడకే చుట్టుకుంటాయి." అక్కడ పనిచేసే మా ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు వంట కంటే ముందు ఇదే నేర్పుతారు. మమ్మల్ని కాపాడింది కూడా ఇదే, నేను కాదనను. అన్నేళ్లూ ఆ ఇంటి మగవాళ్లని, వచ్చే చుట్టాలని, డ్రైవర్లని చెప్పుల్ని బట్టే గుర్తుపట్టాను. బాబా ముక్కు ఎలా ఉంటుందో నన్ను ఇప్పుడడిగినా చెప్పలేను. మగమనిషి అడుగుల చప్పుడు వింటే చాలు, నా మెడ దానంతటదే వంగేది. అది వంగుతోందని కూడా నాకు తెలిసేది కాదు.

క్యాంపుకి వచ్చాక మా ట్రైనరు నన్ను పక్కకి పిలిచింది. విషయం అంతా వింది. "నేరశాస్త్రంలో బాధితుల గురించి ఒక సబ్జెక్టు మొత్తం చదివాను. నీలాంటి సాక్షి గురించి ఎక్కడా రాయలేదు" అంది. తరవాత మళ్లీ ట్రైనరు అయిపోయింది. "రెండో పరీక్ష లోపల నీకు ఒకటే పని. రోజూ బయటికి వెళ్లి మగవాళ్ల మొహాలు చూడు. సిగ్గుపడకు. నుదురు నుంచి మొదలుపెట్టి కిందికి రా."

చెప్పడం తేలికే. ఆడది మగవాళ్ల మొహాలు పట్టిపట్టి చూస్తే ఏమవుతుందో నాకు మొదటి సాయంత్రమే తెలిసింది. మార్కెట్ దగ్గర ఒకడి మొహం చూస్తూ నిలబడితే వాడు "క్యా చాహియే?" అంటూ దగ్గరికొచ్చాడు, ఇంకొకడు బస్టాపు దాకా వెంటపడ్డాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంక ఈ చదువు నావల్ల కాదనుకున్నాను. తల దించుకుంటే ఉద్యోగం పోతుంది, ఎత్తితే మర్యాద పోతుంది.

మర్నాడు బస్టాపులో సైటు పని బట్టలతో ఒకాయన కూర్చుని ఉన్నాడు, యాభై దాటిన మనిషి. గుండె చిక్కబట్టుకుని చూడటం మొదలుపెట్టాను. నుదురు, కనుబొమలు, ముక్కు. ఆయన కాసేపు అటూ ఇటూ కదిలి ఇంక ఆగలేకపోయాడు. అంతకుముందు ఫోన్లో నేను తెలుగు మాట్లాడటం విన్నాడేమో, "ఏందక్కా గట్ల జూస్తున్నవ్? నేను గిట్ల నీకు ఎర్కనా?" అన్నాడు. నిజామాబాద్ వైపు మనిషి. సిగ్గుతో చచ్చిపోయి, పరీక్ష సంగతి మొత్తం చెప్పేశాను.

ఆయన విని బ్యాగు పక్కన పెట్టి, ఫొటో దిగేవాడిలా లేచి నిలబడ్డాడు. "అట్లనా! మరి మంచిగ జూడు. బస్సొచ్చేదాంక నేనేడికి వోతలేను."

చూశాను. నుదుటి మీద అడ్డంగా పాత గాటు. ఎడమ కనుబొమలో వెంట్రుకలు తెల్లబడ్డాయి. పెదాలు ఎండకి పగిలి ఉన్నాయి. కళ్లు చిన్నవి, నవ్వుతున్నాయి. కళ్లు మూసుకుని అన్నీ అప్పజెప్పాను.

"మా ఇంటామె గూడ నన్ను గింతసేపు ఎన్నడు జూడలే" అన్నాడు ఆయన. ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. ఆ మొహం మాత్రం ఇప్పటికీ గీసి చూపించగలను. నేను భయం లేకుండా చూసిన మొదటి పరాయి మగవాడి మొహం అదే.

రెండోసారి పరీక్షలో, అడుగుల చప్పుడుకి మెడ వంగబోతుంటే గడ్డం కింద కుర్చీ కోడు ఉన్నట్టు ఊహించుకుని పైకే పట్టుకున్నాను. ఎత్తు, నడక, గళ్ల చొక్కా, కుడిచేతి గడియారం, బట్టతల, నల్ల మాస్కు, పట్టుకెళ్లింది బల్ల మీది ఫైలు. అధికారి తలూపాడు. పాసయ్యాను. ట్రైనరు నన్ను గట్టిగా వాటేసుకుంది. కార్డు మీద నా ఫొటో, కింద గార్డు అన్న మాట. ఆ రాత్రి కార్డుని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. చిన్నపిల్ల చేష్టే, కానీ నా జీవితంలో నాకోసం నేను సంపాదించుకున్నది అదొక్కటే.

మాల్‌లో వేస్తారనుకున్నాను. గాజు తలుపుల దగ్గర, చల్లటి గాలిలో, వచ్చేపోయే జనాన్ని చూస్తూ నిలబడతాననుకున్నాను. సూపర్‌వైజరు నన్ను ఒక విల్లాకి తీసుకెళ్లాడు. ఆ ఇంట్లో ఒక బంగారు గాజు కనిపించడం లేదట, పనిమనిషి మీద అనుమానమట. ఆడవాళ్లని తనిఖీ చెయ్యాలంటే ఆడ గార్డే ఉండాలి కాబట్టి నన్ను అడిగారట. నా కుర్చీ పెరటి తలుపు దగ్గర వేశారు. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా వంటిల్లు. అయినా నేను బయటే ఉన్నాను కదా అని సర్దిచెప్పుకున్నాను. గడపకి ఇవతల ఉన్నాను, ఒంటి మీద యూనిఫాం ఉంది.

వంటింట్లో పనిచేసే పిల్ల మా కోనసీమ అమ్మాయి. నన్ను చూడగానే మొహం విప్పారింది. "మీరు మనోళ్లేనాండీ? ఆయ్, మాటని బట్టే అనుకున్నానండి" అంది. ఆ వెంటనే నా పని ఏమిటో తెలిసి ఆ మొహం ముడుచుకుపోయింది. రోజూ చెత్త పడెయ్యడానికి బయటికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు నేను ఆ పిల్ల ఒళ్లు తడిమి చూడాలి. చేతులు చాపి నిలబడేది. ఎముకలు తగిలేవి. నేను తడుముతున్నంతసేపూ ఆ పిల్ల నా బూట్ల వైపు చూస్తూ నిలబడేది.

గాజు కొన్ని రోజులకి దొరికింది. ఆ ఇంట్లోని పెద్దావిడ తలగడ గలీబులోనే ఉంది. ఆ పిల్లకి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. గార్డు ఉంటే ధీమాగా ఉందని ఆ ఇంటి మేడమ్ నన్ను మాత్రం ఉంచేసింది. ఇల్లంతా మనుషులుండగా, పట్టపగలు, ఆ పిల్ల ఫోను లాక్కుని బీరువాలో పెట్టడం చూశాను. కూర మాడిందని చెంప మీద కొట్టడం చూశాను. జ్వరంతో ఉన్న పిల్లని మంచం మీంచి లేపి నిలబెట్టడం చూశాను. నాకు నేర్పిందే చేశాను. చూశాను, సూపర్‌వైజరుకి ఫోను చేసి రిపోర్టు చేశాను.

"సిస్టర్, అది మన పోస్టు కాదు. మన డ్యూటీ ఇంటికీ, ఇంట్లో వాళ్లకీ కాపలా" అన్నాడు హిందీలో.

"ఇంట్లో వాళ్లలో ఆ పిల్ల లేదా?"

"క్లయింటు గురించి రిపోర్టు రాసే గార్డుని ఏ క్లయింటు పెట్టుకుంటాడు చెప్పు? అడ్జస్ట్ కరో" అని పెట్టేశాడు. ఫోను చేతిలో పట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటే నా మీద నాకే జాలేసింది. కనిపెట్టి చూసేవాళ్లుంటే నేరం ఆగుతుందని ఆ త్రిభుజం గీసిన మనిషి ఎన్ని వందల మందికి ఆ మాట చెప్పి ఉంటుందో. నేను చూస్తూనే ఉన్నాను. ఏదీ ఆగలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్లంతా మసీదుకి వెళ్లారు, మేడమ్ పైన ఉంది. ఆ పిల్ల చెత్త సంచి పట్టుకుని వచ్చి అలవాటుగా చేతులు చాపింది. తడిమాను. లోపల ఇంకో జత బట్టలు తొడుక్కుంది. నడుం దగ్గర పాస్‌పోర్టు కాగితాల నకలు కాబోలు, గట్టిగా తగిలింది. నా చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది.

"చెత్త పడేసి వచ్చేస్తానండక్కా" అంది.

"ఎండగా ఉంది. నీడన నడు" అన్నాను.

వీధి మలుపు దాకా ఆ పిల్లని చూశాను. ఆకుపచ్చ చున్నీ, ఎడమ భుజం కొంచెం కిందికి, నడక మొదట మెల్లగా, తరవాత పరుగు లాంటి నడక. ఏ అధికారి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. సాయంత్రం అడిగినప్పుడు మాత్రం, ముందు గేటు దగ్గర బండి వస్తే అటు వెళ్లాను, చూడలేదు అన్నాను. అందుకు నాకు ఏ బాధా లేదు. మళ్లీ అలాంటి రోజే వస్తే మళ్లీ అదే చెబుతాను. ఆ పిల్ల క్షేమంగా ఊరు చేరిందో, వేరే ఇంట్లో చిక్కుకుందో నాకు తెలీదు.

మేడమ్ అరిచింది, ఏడ్చింది, సూపర్‌వైజరుని పిలిపించి నానా మాటలూ అంది. నన్ను పంపించేస్తారనుకున్నాను. మర్నాడు పొద్దున్న మేడమ్ నా కుర్చీ దగ్గరికి వచ్చింది. కోపం పోయింది, మామూలుగానే ఉంది. "నువ్వు ఇంతకుముందు ఇళ్లల్లో వంట చేసేదానివట కదా, మీ సూపర్‌వైజరు చెప్పాడు. కొత్త మనిషి వచ్చేదాకా కొంచెం చూడు. యల్లా, పద" అంది. కుదరదని చెప్పాలనుకున్నాను. కాళ్లు మాత్రం లేచి నడిచాయి. పొయ్యి వెలిగించాక వెనక నుంచి మళ్లీ పిలిచింది. "యూనిఫాం మీద నూనె పడుతుంది, పాడవుతుంది. తీసెయ్" అని ఆ పిల్ల వదిలేసి వెళ్లిన గళ్ల గౌను ఒకటి నా చేతిలో పెట్టింది.

సూపర్‌వైజరుకి ఫోను చేశాను. తిట్టాను కూడా. అతను ఓపిగ్గా విన్నాడు. లేడీ పోస్టులు ఖాళీ లేవన్నాడు. రాజీనామా చేస్తే లైసెన్సు కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి అది కూడా పోతుందన్నాడు. "క్లయింటు చాలా హ్యాపీ. నీ చేతి చేపల పులుసు బాగుందట" అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

కొత్త మనిషి వచ్చింది. ఆమెకి పిల్లల పని అప్పజెప్పారు. వంటిల్లు నాకే ఉండిపోయింది. పెరటి తలుపు దగ్గర నా కుర్చీ కొన్నాళ్లు అక్కడే ఉంది. తరవాత పెద్దావిడ కాళ్లు పెట్టుకోవడానికి కావాలని లోపలికి తీసుకెళ్లారు.

లైసెన్సు గడువు దగ్గరపడితే మళ్లీ పరీక్ష రాయాలి. కంపెనీ నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చెయ్యమని మేడమ్ సెలవిచ్చింది. యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను, బూట్లు తుడుచుకున్నాను. రాత పరీక్ష ముందులాగే గడిచింది. లోపల అధికారి, నీ పోస్టులో రోజూ ఏం చేస్తావో చెప్పు అన్నాడు. ద్వారం దగ్గర రాకపోకలు చూస్తాను, చుట్టూ తిరిగి గస్తీ కాస్తాను, అనుమానం వస్తే రిపోర్టు చేస్తాను అని ఒక్క మాట తడబడకుండా చెప్పాను. ఎక్సలెంట్ అన్నాడు. పాసయ్యాను.

వసారాలోకి వచ్చి, పాసయ్యానని మా తమ్ముడికి ఫోనులో చెప్పి పెట్టేశాను. పక్కన బెంచీ మీద కూర్చున్న ఒక అమ్మాయి గబగబా లేచి వచ్చింది.

"అక్కా, మీరు తెలుగోళ్లాండీ? నాకు ఇదే ఫస్టండి. మూడేళ్లు ఇళ్లల్లో చేశానండి. చాలా కష్టంగా ఉంటదాండీ పరీక్ష?" అంది.

"అంత కష్టమేం కాదు" అన్నాను.

నా యూనిఫాం వైపు, బూట్ల వైపు, మెడలో వేలాడుతున్న కార్డు వైపు మార్చి మార్చి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇది పాసైపోతే ఇంక వంటింటి మొహం చూడక్కర్లేదంట కదండీ?"

లోపల నుంచి ఆ పిల్లని పిలుస్తున్నారు. ఆ సమయంలో ఎవరైనా ఏం చెబుతారు?

"అవునమ్మా. చూడక్కర్లేదు" అన్నాను.

నా చెయ్యి గట్టిగా నొక్కి, నవ్వుతూ లోపలికి పరిగెత్తింది. నేను బస్టాపుకి నడిచాను. ఆరోజు ఆ ఇంటికి చుట్టాలు వస్తున్నారు. చేపలు ఇంకా కడగలేదు.